మొదటిసారి సింఫనీ కచేరీకి వెళ్తున్నాను. ఏం వినాలి, ఏం చూడాలి?

శ్రోత
అందరికీ నమస్కారం. వచ్చే వారం ఒక సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్తున్నాను. ఈ సంగీతాన్ని చాలాకాలంగా ఇయర్‌ఫోన్లలో వింటున్నానే తప్ప, వాయించేవాళ్ల ఎదుట కూర్చుని ఎప్పుడూ వినలేదు. కార్యక్రమం ఇలా ఉంది: మొదట బేతోవెన్ ‘ఎగ్మాంట్’ ఓవర్చర్, తర్వాత మెండెల్సన్ వయొలిన్ కన్చెర్టో, అంటే ఒక సోలో వయొలిన్, ఆర్కెస్ట్రా కలిసి వాయించేది. విరామం తర్వాత డెబ్యుసీ ‘ఫాన్’ ప్రెల్యూడ్, చివరగా డ్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ. నాలుగూ నాలుగు తీర్లు.

ముందే అన్నీ వినేసి వెళ్లాలా? ఎక్కడ కూర్చుంటే మంచిది (సీటు మార్చుకునే వీలుంది)? చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? వీటన్నిటికన్నా పెద్ద సందేహం ఒకటుంది. అంతమంది ఒకేసారి వాయిస్తుంటే చెవి దేన్ని పట్టుకోవాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

మంద్రం
శ్రోత గారూ, మంచి కార్యక్రమం దొరికింది మీకు. ఇలాంటి కలగలుపు కచేరీయే మొదటిసారికి అనువుగా ఉంటుంది. ఒకే ఆర్కెస్ట్రా గంటన్నరలో నాలుగు వేరువేరు గొంతులతో మాట్లాడటం వింటారు.

ఎగ్మాంట్ చిన్నది, పది నిమిషాలు కూడా పట్టదు. గోథే నాటకం కోసం బేతోవెన్ రాసిన సంగీతానికి అది ప్రారంభం. 1810లో పూర్తయింది. స్పెయిన్ పాలకులు 1568లో బ్రస్సెల్స్‌లో తల నరికించిన ఎగ్మాంట్ ప్రభువు కథ అది. మొదట్లోనే బరువైన తీగల కార్డ్‌లు (ఒకేసారి కలిసి మోగే స్వరాలు) వస్తాయి. ముగింపు దగ్గరపడుతుండగా వయొలిన్లు ఒక్క వేటు వేసినట్టు పైనుంచి కిందికి రెండు స్వరాలు పలికి ఆగిపోతాయి. శిరచ్ఛేదం అక్కడే జరిగిందని చాలామంది భావిస్తారు. తర్వాత ఊదే వాద్యాలు మెల్లగా కొన్ని కార్డ్‌లు పలుకుతాయి. వాటి అడుగునుంచి తీగలు మొదట వినీ వినపడకుండా, ఆపైన ఉప్పెనలా లేస్తాయి. విషాదంగా ధ్వనించే మైనర్‌లో మొదలైన కృతి వెలుగుగా ధ్వనించే మేజర్‌లో విజయధ్వానంగా ముగుస్తుంది. ఆ చివరి క్షణాల్లో అన్నిటికీ పైన పికలో అనే చిన్న ఫ్లూట్ వినిపిస్తుంది, దాన్ని పట్టుకోండి.

మెండెల్సన్ కన్చెర్టోలో ఆర్కెస్ట్రా సుదీర్ఘంగా రంగం సిద్ధం చేయడం ఉండదు. ఒకటిన్నర బార్ (మన తాళావర్తంలాంటి చిన్న కొలత) గడిచేసరికే వయొలిన్ పాట అందుకుంటుంది. కాబట్టి సోలో కళాకారుడు విల్లు ఎత్తకముందే సర్దుకుని కూర్చోండి. ఆ ప్రారంభం తన బుర్రలో తిరుగుతూ మనసుకు శాంతి లేకుండా చేస్తోందని మెండెల్సన్ 1838లోనే తన స్నేహితుడు ఫెర్డినాండ్ డేవిడ్‌కు ఉత్తరం రాశాడు. పూర్తి చేసింది 1844లో. మరుసటి ఏడాది లైప్‌జిగ్‌లో డేవిడే తొలిసారి వాయించాడు.

మిగతా రెండింటి గురించి వేరేవాళ్లు చెప్తే బాగుంటుంది. ముందే వినడం గురించి నా మాట: డ్వోర్జాక్‌ను కనీసం ఒకసారి పూర్తిగా విని వెళ్లండి. నాలుగో భాగంలో వెనకటి మూడు భాగాల పాటలూ తిరిగి వస్తాయి. అవి ముందే పరిచయమై ఉంటేనే వచ్చినప్పుడు గుర్తుపడతారు.

నిషాదం
మంద్రం గారితో డ్వోర్జాక్ విషయంలో ఏకీభవిస్తాను. డెబ్యుసీని మాత్రం దయచేసి వినకుండా వెళ్లండి. జీవితంలో ఒక్కసారే దొరికే అవకాశం అది. ఒక ఫ్లూట్ ఒంటరిగా మొదలవుతుంది. తోడు లేదు, తాళం లేదు. కొంచెం దిగి, మళ్లీ ఎక్కి, ఎటు పోతుందో తెలియకుండా సాగుతుంది. తర్వాత ఓబో, హార్న్‌లు, హార్ప్ మీద ఒక జారుడు. ఆరో బార్‌కి వచ్చేసరికి అంతా ఆగిపోతుంది. స్కోర్‌లో, అంటే రాసిన స్వరలిపిలో, ఆ బార్ పూర్తిగా ఖాళీ. ఇయర్‌ఫోన్లలో అది మామూలు ఆగడంలా ఉంటుంది. హాలులో అలా కాదు, వందల మంది కలిసి ఊపిరి బిగబట్టడం వినిపిస్తుంది.

1894 డిసెంబరులో పారిస్‌లో తొలిసారి వాయించినప్పుడు అక్కడికక్కడే మళ్లీ వాయించమన్నారు. అందులో ట్రంపెట్ లేదు, ట్రాంబోన్ లేదు, టింపని అనే పెద్ద డోలు కూడా లేదు. రెండు హార్ప్‌లు, చివర్లో వేలెడంత పురాతన తాళాల చిన్న గణగణ. అంత తక్కువ హంగుతో సంగీతం దారి మార్చిన కృతి అది.

మంద్రం
నిషాదం గారూ, వినకుండా వెళ్తే ఆ పది నిమిషాలూ ఏమీ పట్టుబడక జారిపోయే ప్రమాదం ఉంది కదా. తొలిసారి వినేవాళ్లకు ఆధారంగా పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

నిషాదం
జారిపోనివ్వండి. డెబ్యుసీ కోరుకున్నదీ అదే అని నా నమ్మకం. ఈ కృతికి ఆధారమైన ఫ్రెంచ్ కవి మలార్మే కవితలో ఆ వనదేవుడికి (ఫాన్ అంటే అతడే) కూడా తాను చూసింది కలో నిజమో తేలదు. పట్టుకోవడానికి ఫ్లూట్ ఉండనే ఉంది. అదే పాట మళ్లీ మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ దాని కింద ఉన్న రంగు మారుతుంది. అది గమనిస్తే చాలు.

ప్రతిధ్వని
సీటు గురించి నేను చెప్తాను. నాకు హాళ్ల పిచ్చి.

ముందు వరసలు తీసుకోకండి. అక్కడ కూర్చుంటే మొదటి వయొలిన్లూ, కన్చెర్టోలో సోలో కళాకారుడి ఊపిరీ చాలా దగ్గరగా వినిపిస్తాయి, నిజమే. కానీ వెనక కూర్చునే ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్ తీగల గోడ చాటున దాగిపోతాయి. మీ కార్యక్రమంలో సగం అందం వాటిదే. హాలు మధ్యలో గానీ, మొదటి బాల్కనీ ముందు వరసలో గానీ తీసుకోండి. పైనుంచి చూస్తే ఎవరు వాయిస్తున్నారో కనిపిస్తుంది. కన్ను చూపించిన చోటికి చెవి వెళ్తుంది. ‘దేన్ని పట్టుకోవాలి’ అన్న మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. బాల్కనీ కింద లోతుగా ఉండే వెనక వరసలు మాత్రం వద్దు. పైకప్పు నెత్తిమీద ఉండటం వల్ల ధ్వని అక్కడికి నలిగి చేరుతుంది.

హాలు కూడా ఒక వాద్యమే. వియన్నాలో 1870 నాటి మ్యూజిక్‌ఫెరైన్, ఆమ్‌స్టర్‌డామ్‌లో 1888 నాటి కన్సెర్ట్‌గెబౌ, బోస్టన్‌లో 1900 నాటి సింఫనీ హాల్. మూడూ పొడవాటి పెట్టెల్లాంటి కట్టడాలే. బోస్టన్ హాలు కట్టేటప్పుడు వాలెస్ సెబైన్ అనే భౌతికశాస్త్రవేత్త సలహా తీసుకున్నారు. ధ్వని ఎంతసేపటికి అణుగుతుందో లెక్కగట్టే సూత్రం ఆయనదే. మంచి హాలులో, జనం నిండిన తర్వాత, అది దాదాపు రెండు సెకన్లు. జనం అనేమాట ఎందుకన్నానంటే, మన ఒళ్లూ బట్టలూ కూడా ధ్వనిని పీల్చుకుంటాయి. బెర్లిన్‌లో హాన్స్ షరూన్ 1963లో ఈ పద్ధతిని తిరగేసి, ఆర్కెస్ట్రాను దాదాపు నడిమధ్యన పెట్టి చుట్టూ మెట్లమెట్లుగా జనాన్ని కూర్చోబెట్టాడు.

వేదిక వెనక సీట్లు ఉండే హాలయితే, రెండోసారి వెళ్లినప్పుడు అక్కడ కూర్చోండి. ధ్వని తలకిందులుగా ఉంటుంది, కానీ ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ ముఖం కనిపిస్తుంది.

తంత్రి
నేను ఒక ఔత్సాహిక ఆర్కెస్ట్రాలో వయోలా (వయొలిన్‌కన్నా కాస్త పెద్ద వాద్యం) వాయిస్తాను. లోపలినుంచి కనిపించేవి కొన్ని చెప్తాను.

కండక్టర్ చెయ్యి ధ్వనికంటే కొంచెం ముందు ఉంటుంది. జరగబోయేదాన్ని చూపిస్తాడు, జరుగుతున్నదాన్ని కాదు. మొదటిసారి చూసేవాళ్లకు చేతికీ పాటకూ పొత్తు కుదరనట్టు అనిపించడానికి కారణం ఇదే. ఇంకో విషయం: ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. వేదిక వెనక ఉన్న ట్రంపెట్‌కీ ముందున్న వయొలిన్‌కీ మధ్య పది మీటర్ల దూరం ఉంటే, సెకనులో నూటికి మూడు వంతుల ఆలస్యం. వెనకవాళ్లు ముందువాళ్ల పాట విని కలుపుదామనుకుంటే వెనకబడిపోతారు. చెవిని కాస్త పక్కనపెట్టి కండక్టర్ చేతిలోని కర్రను నమ్మాలి. ఈ అలవాటు పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది.

తీగ వాద్యాలవాళ్లు ఇద్దరికి ఒక స్టాండ్ చొప్పున కూర్చుంటారు. లోపలివైపు కూర్చున్నవాళ్లు వాయించడం ఆపి పేజీ తిప్పుతారు, బయటివాళ్లు ఆపరు. విల్లులన్నీ ఒకే వైపు కదులుతాయి. పైకి ఎప్పుడు, కిందికి ఎప్పుడు అని ప్రతి విభాగం నాయకులు ముందే తేల్చి నోట్స్ మీద పెన్సిల్‌తో గుర్తులు పెడతారు.

అన్నిటికన్నా నేను చూడమనేది, వాయించనివాళ్లను. టింపని వాద్యకారుడిని గమనించండి. మిగతా అందరూ వాయిస్తుండగా ఆయన తల వంచి, చెవి చర్మానికి దాదాపు ఆనించి, వేలి కొసతో మెల్లగా తట్టి శ్రుతి మారుస్తుంటాడు. చుట్టూ మరో స్వరంలో హోరు, దాని మధ్యలో తనకు కావలసిన స్వరాన్ని వెతుక్కోవడం. హార్న్ వాద్యకారులు వాద్యాన్ని తిప్పి లోపల చేరిన నీటిని వంచేస్తారు. డ్వోర్జాక్‌లో తాళాలు పట్టుకున్న మనిషికి మొత్తం సింఫనీలో ఒకే ఒక్క దెబ్బ, అదీ నాలుగో భాగంలో, అదీ మెత్తగా. ఇత్తడి వాద్యాల్లో అన్నిటికన్నా మంద్రమైన ట్యూబా వాయించేవాడికి రెండో భాగంలో కొన్ని స్వరాలు తప్ప మరెక్కడా పని లేదు. ముప్పావుగంట కూర్చుని ఆ కొన్ని స్వరాల్ని సరిగ్గా పెట్టాలి.

అనుస్వరం
తంత్రి గారూ, ఒక సందేహం. మొదలుపెట్టే ముందు ఓబో ఒక స్వరం ఇస్తే మిగతావాళ్లు దానికి శ్రుతి చేసుకుంటారు కదా. ఓబోయే ఎందుకు?

తంత్రి
ఓబో గొంతు సూటిగా ఉండి గుంపులోంచి చీల్చుకుని వస్తుంది. స్వరం ఊగకుండా నిలబడుతుంది. ఆ స్వరం ‘ఎ’. అంతర్జాతీయ ప్రమాణం 440 హెర్ట్జ్, యూరప్ ఆర్కెస్ట్రాలు చాలావరకు 442, 443 వాడతాయి. కన్సెర్ట్ మాస్టర్, అంటే మొదటి వయొలిన్ల నాయకుడు లేదా నాయకురాలు, లేచి నిలబడి ఓబోకు సైగ చేస్తారు. ఊదే వాద్యాలు ఒకసారి, తీగ వాద్యాలు ఒకసారి. తర్వాత నిశ్శబ్దం, కండక్టర్ రాక. పియానో కన్చెర్టో అయితే శ్రుతి పియానో నుంచి తీసుకుంటారు, ఎందుకంటే దాన్ని అప్పటికప్పుడు మార్చలేరు.

శ్రోత గారూ, ఈ శ్రుతి చేసుకోవడాన్ని వదులుకోకండి. తొందరగా వెళ్లి కూర్చోండి. నాకు కచేరీలో అత్యంత ఇష్టమైన నిమిషాల్లో అదొకటి.

వేణుగానం
చప్పట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నా మాట చెప్తాను: నచ్చితే కొట్టండి. భాగాల మధ్య కొట్టకూడదన్న నియమం ఈ సంగీతం రాసినవాళ్లది కాదు. మొట్సార్ట్ 1778లో పారిస్‌నుంచి తండ్రికి ఉత్తరం రాస్తూ, తన సింఫనీ మొదటి భాగం మధ్యలోనే, తాను ఊహించిన చోటే, జనం చప్పట్లు కొట్టారని సంతోషంగా చెప్పుకున్నాడు. బేతోవెన్ ఏడో సింఫనీ 1813లో తొలిసారి వాయించినప్పుడు రెండో భాగాన్ని మళ్లీ వాయించమని అడిగారు, వాయించారు. డ్వోర్జాక్ తొమ్మిదోది 1893 డిసెంబరు 16న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో మొదటిసారి వినిపించినప్పుడు కూడా భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు మోగితే, ఆయన తన చోట లేచి నిలబడి అభివాదం చేయాల్సి వచ్చింది. ఆనందం వచ్చినప్పుడు చేతులు కట్టుకుని కూర్చోమనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ప్రతిధ్వని
వేణుగానం గారూ, చరిత్ర మీరు చెప్పినట్టే ఉంది. దానికి రెండో వైపు కూడా ఉంది. శ్రోత గారు వినబోయే మెండెల్సన్‌నే తీసుకోండి. మొదటి భాగం చివరి పెద్ద కార్డ్ ఆగిపోగానే, ఒక్క బసూన్ మాత్రం తన స్వరాన్ని వదలదు. ఆ ఒంటి స్వరం మెల్లగా అరమెట్టు ఎక్కి రెండో భాగంలోకి తీసుకెళ్తుంది. చప్పట్లు పడితే ఆ బసూన్ మునిగిపోతుంది. ఆ వంతెనను ఆయన కావాలనే వేశాడు. షూమన్ తన నాలుగో సింఫనీ భాగాలన్నిటినీ ఆగకుండా కలిపేశాడు. అంటే ఆ రోజుల్లోనే కొందరు భాగాల మధ్య నిశ్శబ్దాన్ని, కొనసాగింపును కోరుకున్నారు.

ఒక భాగం అయిపోయాక ఆ ఐదారు సెకన్లలో విన్నది లోపలికి ఇంకుతుంది. దాన్ని తీసేస్తే నాకు సగం పోయినట్టే. ఇది మర్యాద గురించిన పట్టింపు అనుకోవద్దు. చెవి గురించిన పట్టింపు.

వేణుగానం
బసూన్ దగ్గర మీ మాట ఒప్పుకుంటాను. అయినా కొత్తవాళ్లెవరైనా కొట్టేస్తే వెనక్కి తిరిగి గుర్రుగా చూసేవాళ్లను మాత్రం క్షమించలేను.

ప్రతిధ్వని
ఆ విషయంలో మీతోనే ఉన్నాను.

తంత్రి
వేదిక మీదనుంచి చెప్తున్నాను: భాగాల మధ్య ఎవరైనా చప్పట్లు కొడితే మాలో చాలామందికి ముచ్చటగానే ఉంటుంది. ఇబ్బంది పెట్టేది చివర్న తొందరపడి కొట్టేవాళ్లు. డ్వోర్జాక్ ముగింపులో ఆర్కెస్ట్రా అంతా ఉరిమి ఆగిపోయాక ఊదే వాద్యాల కార్డ్ ఒక్కటే మిగిలి క్రమంగా సన్నబడుతుంది. అంత ఆర్భాటం తర్వాత అలా ముగించడానికి ధైర్యం కావాలి. అది పూర్తిగా మాయమయ్యేదాకా కండక్టర్ చేతులు పైనే ఉంటాయి. చేతులు దిగేవరకు ఆగండి, అంతకుమించి నియమం ఏదీ అక్కర్లేదు.

దగ్గు వస్తే ఆపుకోలేకపోవడం సహజం, చేతిరుమాలు అడ్డం పెట్టుకుంటే చాలా తగ్గుతుంది. ఫోను మాత్రం పూర్తిగా ఆపేయండి. 2012 జనవరిలో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ మాలర్ తొమ్మిదో సింఫనీ చివరి పేజీల్లో, దాదాపు ఏమీ వినపడనంత మెల్లగా వాయిస్తున్న చోట, ముందు వరసలో ఫోను మోగుతూనే ఉంటే కండక్టర్ అలన్ గిల్బర్ట్ వాద్యబృందాన్ని ఆపేయవలసి వచ్చింది.

అనుస్వరం
డ్వోర్జాక్ రెండో భాగంలోని ఆ ప్రసిద్ధమైన పాట అమెరికా నల్లజాతివారి భక్తిగీతం అని ఎక్కడో చదివాను. నిజమేనా?

మంద్రం
కాదండీ. ఆ పాట డ్వోర్జాక్ సొంతం. 1892లో న్యూయార్క్‌లోని నేషనల్ కన్సర్వేటరీకి డైరెక్టర్‌గా వచ్చాక, అక్కడ చదువుకుంటున్న నల్లజాతి గాయకుడు హ్యారీ బర్లీ చేత ఆ గీతాలు పాడించుకుని శ్రద్ధగా విన్నాడు. అమెరికా సంగీతానికి పునాది ఆ గీతాల్లోనే ఉందని పత్రికలకు బహిరంగంగా చెప్పాడు. ఆ వినికిడి ప్రభావం పాటలో ఉంది. కానీ దానికి మాటలు చేర్చి భక్తిగీతంలా చేసింది ఆయన శిష్యుడు విలియం ఆర్మ్స్ ఫిషర్, అదీ 1922లో. ఆ మాటల పాటే ఊరంతా పాకడంతో వరస తిరగబడి, భక్తిగీతమే ముందు పుట్టిందనిపిస్తోంది.

హాలులో దాన్ని వాయించేది కోర్ ఆంగ్లే, ఓబోకు అక్కలాంటి వాద్యం. ఓబోల వరసలోనే కూర్చుంటారు. కింది కొన దగ్గర ఉబ్బెత్తుగా గుండ్రంగా ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. దానికి ముందు ఇత్తడి వాద్యాలు కొద్ది కార్డ్‌లలో మొదటి భాగం స్థాయినుంచి చాలా దూరపు స్థాయికి తీసుకెళ్తాయి. తంత్రి గారు చెప్పిన ట్యూబా అక్కడే వస్తుంది.

శ్రోత
ఇన్ని వివరాలు చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. బాల్కనీ ముందు వరసకు మార్చుకున్నాను. డ్వోర్జాక్ విన్నాను, డెబ్యుసీ వినలేదు. వచ్చాక రాస్తాను.

శ్రోత
కచేరీ అయింది. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, ఇంకా అదే తిరుగుతోంది.

శ్రుతి చేసుకోవడం దగ్గరనుంచి మొదలుపెడతాను. ఓబో స్వరం మీద తీగలన్నీ ఒక్కసారిగా లేచినప్పుడు అది కాళ్ల కిందనుంచి వచ్చినట్టు అనిపించింది. డబుల్ బేస్‌లు ఇంత ఉంటాయని ఇయర్‌ఫోన్లు ఎప్పుడూ చెప్పలేదు. ఎగ్మాంట్ మొదటి కార్డ్‌కి నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఆ రెండు స్వరాల వేటు తర్వాత వచ్చిన ఖాళీలో హాలంతా రాయిలా ఉంది.

మెండెల్సన్‌లో ఎవరూ నాకు చెప్పని ఒక చోటు దొరికింది. మొదటి భాగంలో వేగం తగ్గి రెండో పాట వస్తుంది కదా. దాన్ని సోలో వయొలిన్ వాయిస్తుందనుకున్నాను. ఆమె అన్నిటికంటే కింది తీగ మీద ఒకే స్వరాన్ని విల్లుతో అలా లాగుతూ ఉండిపోయారు. పాట క్లారినెట్లూ ఫ్లూట్లూ అందుకున్నాయి. అంతసేపూ అందరి చూపూ తన మీదే ఉన్న కళాకారిణి, తంబూరాలాగా వాళ్లకు శ్రుతి పట్టి నిలబడ్డారు. తల కొంచెం వెనక్కి తిప్పి, క్లారినెట్ల వైపు చూస్తూ వాయించారు. రికార్డింగుల్లో ఈ చోటు ఎన్నోసార్లు నా చెవిలోంచి వెళ్లింది. ఎవరు ఏం చేస్తున్నారో కంటితో చూశాకే అర్థమైంది.

కడెంజా (సోలో కళాకారిణి ఒంటరిగా వాయించే ఘట్టం) చివర్లో విల్లు నాలుగు తీగల మీదా ఎగిరి పడుతుండగా, ఆర్కెస్ట్రా దాని కిందికి మొదటి పాటను మెల్లగా తీసుకొచ్చింది. ఆమె ఆపలేదు. అప్పటిదాకా ముందున్న మనిషి అలంకారంగా మారి, వెనకున్నవాళ్లు పాటగా మారారు. బసూన్ వంతెన దగ్గర ఎవరో ఇద్దరు ముగ్గురు చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు. బసూన్ ఆగలేదు, వినపడింది.

డెబ్యుసీ గురించి నిషాదం గారికి ప్రత్యేకంగా నమస్కారం. ఆ ఖాళీ బార్‌లో ఏమైందో మాటల్లో పెట్టలేను. ఫ్లూట్ కళాకారుడు వాద్యం దించలేదు, పెదవి దగ్గరే ఉంచుకుని కదలకుండా ఉన్నారు.

డ్వోర్జాక్‌లో నేను ట్యూబానే చూస్తూ కూర్చున్నాను. మొదటి భాగమంతా వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని, మిగతావాళ్లు వాయిస్తున్నది శ్రద్ధగా వింటూ ఉన్నారు. రెండో భాగం వచ్చేముందు మెల్లగా ఎత్తుకున్నారు. ఆ కార్డ్‌లు నేల నింపినట్టుగా వచ్చాయి. తర్వాత మళ్లీ ఒళ్లోకి దించేశారు. సింఫనీలో మిగతా చాలాసేపూ ఆయన అలా వింటూనే ఉన్నారు. రెండో భాగం చివర్లో తీగవాద్యాలవాళ్లలో చాలామంది ఆగిపోయి, కొద్దిమందే ఆ పాటను తడబడుతున్నట్టు మధ్యలో ఆగి ఆగి వాయించారు. అక్కడ నాకు కన్నీళ్లు వచ్చాయి.

తంత్రి
శ్రోత గారూ, ఇది చదువుతుంటే ఎంత సంతోషంగా ఉందో. ఆ శ్రుతి పట్టిన చోటు అడుగున ఉన్న ‘జి’ తీగ, వేలు పెట్టకుండా విడిగా మోగే తీగ. వయొలిన్‌లో అంతకన్నా కిందికి దిగే దారి లేదు. సోలో కళాకారులు చాలామంది దాన్ని తేలిగ్గా దాటేస్తారు. ఆమె వెనక్కి చూస్తూ వాయించారంటే మంచి కళాకారిణి.

తడబడుతున్నట్టు అనిపించినదంతా స్కోర్‌లో ఉన్నదే. డ్వోర్జాక్ అక్కడ వాద్యకారుల సంఖ్య తగ్గించి, పాట మధ్యలో ఆగవలసిన గుర్తులు పెట్టాడు. ఆ ఆగుడు ఎంతసేపన్నది కండక్టర్ ఇష్టం. సాధనలో మేం అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టేది ఆ ఖాళీల మీదే. మళ్లీ అందరూ కలిసి ఎత్తుకోవాలంటే ఒకరి ఊపిరి ఒకరికి తెలియాలి.

నిషాదం
చాలా సంతోషం. ఇక ఇప్పుడు డెబ్యుసీని ఎన్నిసార్లయినా వినండి.

వేణుగానం
చప్పట్లు మధ్యలో ఆపేసిన ఆ ఇద్దరు ముగ్గురి పక్షాన నేను ఇంకా నిలబడే ఉన్నాను. తర్వాతి కచేరీకి చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ దొరికితే వెళ్లండి. మూడో భాగం కవాతులా పెరిగి పెరిగి అంత అట్టహాసంగా ముగుస్తుంది, చప్పట్లు కొట్టకుండా ఉండటం కష్టం. ఎక్కడ వాయించినా కొట్టేస్తారు. అసలు ముగింపు తర్వాతి భాగం, చీకట్లోకి దిగిపోతుంది. 1893 అక్టోబరు 28న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయనే నిర్వహించి, తొమ్మిది రోజులకు కన్నుమూశాడు.

మంద్రం
రెండో కచేరీకే అంత బరువు ఎందుకు? ముసోర్గ్‌స్కీ ‘పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్’ మంచిది, బొమ్మల ప్రదర్శనలో ఒక్కో బొమ్మకు ఒక్కో ముక్కగా సాగుతుంది. 1874లో పియానోకు రాసినదాన్ని 1922లో రావెల్ ఆర్కెస్ట్రాకు మార్చాడు. మామూలుగా ఆర్కెస్ట్రాలో కనిపించని శాక్సఫోన్ పాత కోట ముందు పాడుతుంది. ఎడ్లబండి బొమ్మ దగ్గర, శ్రోత గారు ప్రేమించిన ట్యూబాకు ఎత్తైన స్థాయిలో పెద్ద సోలో ఉంటుంది. కొన్ని ఆర్కెస్ట్రాల్లో దాన్ని యుఫోనియం అనే చిన్న ట్యూబాలాంటి వాద్యం మీద వాయిస్తారు.

శ్రోత
కొత్త సీజన్ జాబితాలో చైకోవ్‌స్కీ ఆరోది కనిపిస్తోంది, ముసోర్గ్‌స్కీ లేదు. కాబట్టి బరువైనదే. మళ్లీ బాల్కనీయేనా, ఈసారి ఇంకెక్కడైనా కూర్చోవాలా?

తంత్రి
ఈసారి హాలు సరిగ్గా మధ్యలో, ఎడమకూ కుడికీ సమాన దూరంలో కూర్చోండి. నాలుగో భాగం మొదట్లో వినిపించే పాటను నిజానికి ఎవరూ వాయించరు. చైకోవ్‌స్కీ ఆ పాటలోని స్వరాల్ని ఒకటి మొదటి వయొలిన్లకు, తర్వాతది రెండో వయొలిన్లకు, మళ్లీ మొదటివాళ్లకు అని పంచేశాడు. ఏ ఒక్క విభాగాన్ని విడిగా విన్నా అక్కడ పాట ఉండదు, గంతులు వేసే స్వరాలు మాత్రమే ఉంటాయి. రెండూ కలిసి మన చెవిలోనే పాటవుతాయి. అదే పాట తర్వాత తిరిగి వచ్చినప్పుడు మొదటి వయొలిన్లకే మొత్తంగా ఇచ్చేశాడు. రెండు వయొలిన్ విభాగాల్నీ కండక్టర్‌కు చెరో పక్క కూర్చోబెట్టే ఆర్కెస్ట్రా అయితే, మొదటిసారి ఆ స్వరాలు వేదికకు అటూ ఇటూ దాటడం వినిపిస్తుంది. వేదిక మీదికి వాద్యకారులు వస్తున్నప్పుడే రెండో వయొలిన్లు ఎటు కూర్చుంటున్నాయో చూసి పెట్టుకోండి.